తోడల్లుడి కారులో పాట

నా తోడల్లుడంటే నాకు అసూయ. ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఈ మాట ఎవరైనా నా మొహం మీద అని ఉంటే కొట్లాటకు దిగేవాణ్ణి. ఆయన మా ఆవిడ అక్క భర్త. పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. నేనేమో ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఎక్కడ కనిపించినా "తమ్మీ" అంటూ భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి బరువు కూడా నాకు నచ్చేది కాదు.

అవి తొంభైల చివరి రోజులు. హైటెక్ సిటీలో మొదటి భవనం లేచి ఎక్కువ కాలం కాలేదు. దాని అద్దాల ముందు కొత్త రోడ్డు, రోడ్డు దాటితే మళ్ళీ బండరాళ్ళూ తుమ్మచెట్లూ. నేను అక్కడ ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దే పని చేసేవాణ్ణి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిక్కతిక్కగా లెక్కలు వేస్తాయని లోకమంతా బెదిరిపోతున్న కాలం కాబట్టి పనికి కొదవ లేదు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మాదాపూర్‌లో ఒక చిన్న కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా తోడల్లుడు ఎండలో తిరుగుతూ నానక్‌రామ్‌గూడ, ఖాజాగూడ వైపు ప్లాట్లు అమ్మేవాడు. ఆ రాళ్ళ మధ్య ఇళ్ళెవరు కట్టుకుంటారని నేను తెగ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు సంగతి ఇప్పుడెందుకు లెండి.

ఆ ఏడాది వేసవిలో ఇద్దరం ఒకే రకం కార్లు కొన్నాం. ముందు బుక్ చేసింది నేను, ముందు బండి వచ్చింది ఆయనకు. నా కడుపుమంట అక్కడే రాజుకుంది. ఆయనది ఎరుపు, నాది తెలుపు. రంగు తప్ప అన్నీ ఒకటే. ముందు తలుపుల్లో కంపెనీవాళ్ళే బిగించిన స్పీకర్లు, మధ్యలో క్యాసెట్ ప్లేయరు. ఆయన బండి ఇంటికి తెచ్చిన రోజే సీట్లకూ తలుపులకూ ఉన్న ప్లాస్టిక్ కవర్లు పరపరా చింపి అవతల పారేశాడు. వానాకాలం వెళ్ళేసరికి ఆ కారు లోపల సైట్ల ఎర్రమట్టి, కొనడానికి వచ్చినవాళ్ళ చెప్పుల మరకలు. నేను మాత్రం ఒక్క కవరు కూడా తీయలేదు. ఎండకు వీపు అంటుకుపోయినా భరించాను. చీర నలిగిపోతోందని మా ఆవిడ విసుక్కుంటే సీటు మీద తువ్వాలు పరిచాను. తలుపు కవరు ఒక మూల చిరిగితే టేపు అతికించాను. ఎవరైనా కారెక్కి "నిన్నగాక మొన్న కొన్నట్టుందే" అంటే ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువ దిగేది. ఆయన మీద నాది పైచేయిగా ఉన్నది ఆ ఒక్క విషయంలోనే.

ఎందుకంటే మిగతా అన్నిటిలోనూ ఆయనదే పైచేయి. అత్తగారింట్లో నవ్వులన్నీ ఆయన చుట్టూనే. ఆదివారం రెండు కుటుంబాలమూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. అక్కడా ఆయన క్వయర్‌లో వెనక వరసలో నిలబడి బేస్, అంటే అందరికంటే కింది స్థాయి మగ గొంతు, పాడేవాడు. మా ఆవిడ ముందు వరసలో ఆడవాళ్ళతో పాడేది. నాకు పాట రాదు. పెళ్ళైన కొత్తలో ఉత్సాహం కొద్దీ నేనూ క్వయర్‌లో నిలబడితే, పాటలు నేర్పే మాస్టారు ఎంతో మర్యాదగా నన్ను కుర్చీలు సర్దే పనికి మార్చారు. అప్పటినుంచి శనివారం సాయంత్రం సాధనకు ఆవిణ్ణి దింపడం, అయ్యాక తీసుకురావడం నా పని. ఆవిడ పాటలో నాకున్న వాటా అంతే. అది చిన్నదని నాకెప్పుడూ అనిపించలేదు. దారి పొడవునా ఆవిడ పక్కసీట్లో కూర్చుని గొంతు సవరించుకుంటూ పాడుకునేది, నేను గేర్లు కూడా చప్పుడు కాకుండా మార్చేవాణ్ణి.

ఆ క్రిస్మస్ కోసమని క్వయర్ రెండు నెలల ముందే సొంతంగా ఒక క్యాసెట్ చేసింది. పాటలన్నీ మాస్టారు కట్టినవే. వాటిలో ఒక పాటకు రెండో చరణం మా ఆవిడది. క్యాసెట్ చేతికొచ్చిన రోజు చర్చి గేటు దాటకముందే కారులో పెట్టాం. మొదటి చరణం నడుస్తున్నంతసేపూ ఆవిడ ముందుకు వంగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండో చరణం వచ్చింది. పక్కింటి వంటగదిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. ఆవిడ మెల్లగా వెనక్కి ఆనుకుంది.

"నా గొంతు ఇంతేనా అండీ?" అంది.

"బాగానే ఉందిగా" అన్నాను. ఇంట్లో ఉన్న పాత టేప్‌రికార్డరులోనూ అంతకంటే గొప్పగా ఏమీ రాలేదు. బేస్ పాడేవాళ్ళయితే రెండింటిలోనూ అసలే వినబడలేదు. ఆ లోటు నాకు లోటుగా తోచలేదు.

తర్వాతి శనివారం ఆఫీసులో పని తెమలక నేను వెళ్ళలేకపోయాను. అక్కాబావలే ఆవిణ్ణి తమ కారులో తెచ్చి ఇంటి దగ్గర దింపారు. ఆవిడ బ్యాగు కూడా కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"బావగారి కార్లో మా పాట విన్నానండీ. నా గొంతు నా గొంతులాగే ఉంది. నా పక్కనే నిలబడి నేనే పాడుతున్నట్టుంది. అక్క మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి వేసింది."

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. పెళ్ళయ్యాక నేను తెచ్చిన ఏ వస్తువు చూసీ ఆ కళ్ళు అలా తడవలేదు.

"మన కారులో ఎవరి గొంతులా ఉంది?" అన్నాను.

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "మన కారులో జలుబు చేసినట్టుందండి" అంది.

ఆ మాట నన్ను కోసేసింది. ఆ పై శనివారం నేను పని త్వరగా ముగించుకుని, కారు తుడిచి, తాళాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ జడ వేసుకుంటూ బయటికొచ్చింది. "అక్కావాళ్ళు ఇటే వస్తామన్నారండీ. మీకెందుకు శ్రమ, పడుకోండి కాసేపు" అంది. ఆ మాట ఎంత ప్రేమగా అందంటే, కోప్పడటానికి కూడా నాకు సందు దొరకలేదు. ఎర్ర కారు వచ్చి ఆగింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. "ఫికర్ జెయ్యకు తమ్మీ, జాగ్రత్తగ తెచ్చి దింపుత" అన్నాడు. నేనూ చెయ్యి ఊపాను. కారు మలుపు తిరిగేలోగానే క్యాసెట్ మొదలైంది. ఆవిడ పాటలో నాకున్న వాటా అలా చెయ్యి జారిపోయింది.

ఆయన స్పీకర్లు మార్పించాడని నిర్ణయానికి వచ్చేశాను. ప్లాట్ల డబ్బు ఇంకేం చేసుకుంటాడు? ఏ స్పీకర్లు, ఎక్కడ కొన్నావని అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ ఆయన్ని అడగడమా? అందుకని ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో దగ్గు వచ్చినట్టు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాను. ఎర్ర కారు వేపచెట్టు కింద ఉంది. కిటికీలోంచి తలుపు లోపలికి తొంగి చూశాను. స్పీకరు మీది జాలీ అచ్చం మా కారుదే. అంటే పైన జాలీ అలాగే ఉంచి లోపలి సరుకు మార్చాడన్నమాట, ఎంత గుట్టు! తలుపు రేకు మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాను. వెళ్ళి నా కారు తలుపు కొట్టి విన్నాను. ఆయనది గట్టిగా, నాది డొల్లగా అనిపించింది. నిర్ధారణ కోసం మళ్ళీ ఆయన తలుపు దగ్గరికి వచ్చి కొడుతుండగా వెనక నుంచి మా వదిన గొంతు వినిపించింది.

"ఏంటి మరిదిగారూ, మా కారు తలుపు కొడుతున్నారు? లోపల ఎవరూ లేరే!"

డెంటు పడిందేమోనని చూస్తున్నానని ఏదో అన్నాను. ఆ రోజు భోజనాల దగ్గర అందరికీ నేనే కూర అయ్యాను. మా ఆవిడ కూడా నవ్వింది.

ఇక స్పీకర్లు మార్చాల్సిందే. అయితే కారు వాయిదాలు కడుతూ పెద్ద సరంజామా కొనే స్తోమత నాకు లేదు. కోఠీలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లుండే గుజరాతీ గల్లీకి వెళ్ళాను. తలుపు జాలీ కొలతకు స్కేలు సరిగ్గా ఆనక, ఇంట్లో గిన్నెలన్నీ పెట్టి చూస్తే మా ఆవిడ టిఫిను డబ్బా మూత అచ్చంగా సరిపోయింది. ఆ మూతే జేబులో పెట్టుకుపోయాను. కొట్టతను దాన్ని ఒక్కో స్పీకరు మీదా బోర్లించి చూసి, ఒకసారి వాసన కూడా చూసి, "మామిడికాయ తొక్కా సార్?" అన్నాడు. పెద్ద డబ్బా స్పీకర్లు పెట్టుకోమన్నాడు. శబ్దం పెంచే యంత్రం విడిగా పెట్టుకోమన్నాడు. అవేం వద్దు, తలుపులో పట్టే జత ఒక్కటి చాలన్నాను. పెద్ద గరాటు మధ్యలో చిన్న గరాటు ఉన్న జత తీశాడు. అట్టపెట్టె చిరిగిందని బేరమాడి తగ్గించాను. బిగించి ఇస్తామన్నా ఒప్పుకోలేదు. డబ్బు సంగతి అటుంచి, వాళ్ళ గ్రీజు చేతులు నా తలుపు కవర్ల మీద పడితే నేను తట్టుకోలేను.

సెలవు రోజు చూసుకుని ఇంటి పక్క ఖాళీ జాగాలో, బండరాయి నీడన కారు పెట్టి పనిలోకి దిగాను. అద్దం దించే పిడి వెనక దాన్ని పట్టి ఉంచే చిన్న స్ప్రింగు ఉంటుంది. పాత బట్ట పేలిక దాని వెనక దూర్చి అటూ ఇటూ లాగితే టక్కున ఊడి గడ్డిలో పడింది. దాన్ని వెతకడానికే సగం ఉదయం పోయింది. లోపలి అట్ట విప్పితే కంపెనీ స్పీకరు బయటపడింది. పల్చటి కాగితపు గరాటు, వెనక బొత్తాం అంత అయస్కాంతం. దాన్ని చూస్తే నాకు పట్టరాని సంతోషం వేసింది. జబ్బేమిటో దొరికిందనుకున్నాను.

కొత్త దాని అయస్కాంతం లావు. బిగించి అద్దం దించితే దానికి తగిలి ఆగిపోయింది. పక్క వీధిలో ఇల్లు కడుతున్న చోట వడ్రంగులు పారేసిన ప్లైవుడ్ ముక్క తెచ్చి, రింగులా కోసి, నీళ్ళకు నానకుండా రంగు పూసి, స్పీకరు కింద ఎత్తుగా పెట్టాను. వానొస్తే తలుపు లోపలికి నీళ్ళు కారతాయి కాబట్టి నూనె డబ్బా కోసి స్పీకరు నెత్తిన చూరు కట్టాను. పంక్చర్ల కొట్లో లారీ ట్యూబు ముక్కలు అడిగి తెచ్చి రేకు లోపల సొల్యూషన్‌తో అతికించాను. తలుపు వేస్తే అంతకుముందు 'ఠంగు'మనేది కాస్తా 'ధబ్'మంది. ఆ ధబ్ వినడానికే చాలాసేపు వేస్తూ తీస్తూ కూర్చున్నాను. చివరికి అట్టలు యథాస్థానంలో బిగించి, వాటి మీది ప్లాస్టిక్ కవర్లు తడిగుడ్డతో తుడిచి, లేచిన అంచులు మళ్ళీ టేపుతో అంటించాను.

మా ఆవిడ డ్యూటీకి తయారై తెల్ల చీరలో వచ్చింది. తలుపు నేనే తీసి కూర్చోబెట్టాను. పాట పెట్టాను. రెండో చరణం వచ్చేదాకా నేను రోడ్డు వైపు కాదు, ఆవిడ మొహం వైపే చూస్తున్నాను.

"గట్టిగా ఉందండీ" అంది.

"బావగారి కారులోలా ఉందా?"

"గట్టిగానే ఉంది" అంది మళ్ళీ. ఆ తర్వాత, నన్ను నొప్పించకూడదని కాబోలు, మెల్లగా, "నా చరణం దగ్గరే ఏదో జుర్రుమంటోంది కదండీ, ఈగ ఇరుక్కున్నట్టు" అంది.

నిజమే. మిగతా పాటంతా ఊరుకుని, సరిగ్గా ఆవిడ చరణం దగ్గరే ఆ జుర్రు. తీగలు విప్పి మళ్ళీ కలిపాను. మరలు బిగించాను. లారీ ట్యూబులు ఇంకొన్ని అతికించాను. జుర్రు పోలేదు. ఆ శనివారం కూడా ఎర్ర కారు వచ్చింది, ఆవిడ ఎక్కి వెళ్ళింది. నేను నా కారు టైరును ఒక్క తన్ను తన్ని, కాలు నొప్పెట్టి, ఇంట్లోకి వెళ్ళి పడుకున్నాను. ఆయన ఏ విదేశం నుంచో తెప్పించి ఉంటాడు. ఎంత పోసి ఉంటాడో! ఒళ్ళు మండిపోయింది.

క్రిస్మస్ ముందరి ఆదివారం ఆయన కారు సర్వీసుకు వెళ్ళింది. ఆరాధన అయ్యాక నలుగురం నా కారులో ఇంటికి బయల్దేరాం. మగవాళ్ళం ముందు, అక్కచెల్లెళ్ళు వెనక. మా ఆవిడ కోసం నేనన్ని తంటాలు పడి సిద్ధం చేసిన సీట్లో ఆయన వచ్చి కూలబడ్డాడు. సీటు కవరు కరకరమంది. క్యాసెట్ అప్పటికే నడుస్తోంది. ఆయన కాసేపు విన్నాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. వేళ్ళతో కవరును తడిమాడు.

"ఏంది తమ్మీ, గిది ఇంక తియ్యలే?"

"కొత్తగా ఉంటుందని" అన్నాను.

"స్పీకర్ మీద గూడ ఉంచినవ్ గదనే! పెండ్లిపిల్ల ముసుగేసుకొని పాడుతున్నట్టుంది. గిట్లయితే ఏమినవడ్తది?" అంటూనే, నేను టేపు అంటించిన మూల గోరు పెట్టి, ఒక్క లాగు లాగాడు. కవరు ఈ చివర నుంచి ఆ చివరకు పర్రుమని ఊడి వచ్చింది.

నేను బ్రేకు తొక్కాను. "అన్నయ్యా!" అని అరిచాను. వెనకున్న ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. వేసవి నుంచి కంటిపాపలా కాపాడుకున్నదాన్ని అడగకుండా ఉండ చుట్టి కాళ్ళ దగ్గర పడేశాడు ఆ మనిషి. పైగా నవ్వుతున్నాడు. "నీ దిక్కుది గూడ తీస్త, జర జరుగు" అంటూ నా మీదుగా వంగాడు. ఆయన చెయ్యి నా తలుపును తాకకముందే నేనే గోళ్ళతో పట్టి చించుకున్నాను. ఆ కసి ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది.

అప్పుడు రెండో చరణం వచ్చింది.

మా ఆవిడ గొంతు. జలుబు లేదు, గోడ లేదు. మాట మాట మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పెళ్ళి చూపుల్లో నేను విన్న గొంతు అదే. నా గుండె ఒక్కసారి తేలికపడింది. అంతలో దాని కింద ఇంకోటి వినబడింది. మగ గొంతు. నిండుగా, నెమ్మదిగా, ఆవిడ ప్రతి మాటనూ కింద నుంచి మోస్తూ. అది ఎవరిదో నాకు చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ నేను వెతికి చచ్చిన జుర్రు అదే. ఆయన బేస్ ఉన్నది ఆ చరణం కిందే, ఆయన పాడినప్పుడల్లా నా కవరు వణికింది.

"ఇదీ! ఇదేనండీ నేను చెప్పింది!" అని మా ఆవిడ వెనక నుంచి నా భుజం పట్టుకుంది.

"అరె, నా గొంతు!" అన్నాడాయన, తలుపు మీదికి వంగి. "నా బండ్ల గూడ గింత మంచిగ రాదు తమ్మీ."

ఇక ఆగలేకపోయాను. "మీవి ఏ స్పీకర్లు అన్నయ్యా?" అని అడిగేశాను.

"ఏ స్పీకర్లేంది? బండితోటి వచ్చినయే. స్పీకర్లు గూడ మారుస్తరా ఎవరన్న?"

కారు నడిపాను.

ఆ తర్వాత శనివారాలు మా ఆవిడ మళ్ళీ నా కారులోనే సాధనకు వెళ్ళింది. నేను కోరుకున్నది నాకు దక్కింది. కాకపోతే ఆయన కూడా ఎర్ర కారు మా ఇంటి ముందు వదిలేసి, "తమ్మీ బండ్లనే పోదాం" అని ముందు సీట్లో కూర్చునేవాడు. అక్కచెల్లెళ్ళు వెనక కూర్చునేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని తన గొంతు తను వినేవాడు. మా కారు తలుపులకు కూడా మెల్లగా ఎర్రమట్టి అంటింది.

ఒకసారి ఆయన ఊళ్ళో లేడు. మేమిద్దరమే. చాలా కాలానికి ఆవిడ నా పక్కసీట్లో కూర్చుంది. ఖాజాగూడ చెరువు పక్కగా పోతున్నాం. రెండో చరణం వస్తుండగా, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తుంటే, నేను ప్లేయరు మీది బేస్ నాబ్ మెల్లగా కిందికి తిప్పేశాను. ఆయన గొంతు తగ్గింది, తగ్గింది, పోయింది. ఆవిడ గొంతు ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళకు నాకు ఒక్కడికి.

ఆవిడ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. "ఏవండీ, నా గొంతు మళ్ళీ పలచబడిపోయిందేంటి?" అంది.

రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా నాబ్ మళ్ళీ పైకి తిప్పాను. ముందు ఆయన గొంతు వచ్చింది. దాని మీద మా ఆవిడ గొంతు వచ్చి నిలబడింది.